ఉమ్మడి గిట్ సర్వరు – తాళంచెవులతో ప్రవేశం

నలుగురు కలిసి ఒకే ప్రోగ్రాము రాసేటప్పుడు దానిని ఒకచోట ఎలా భద్రపరచాలో, అక్కడికి ఎవరిని ఎలా రానివ్వాలో ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పుదుచ్చేరిలోని సేదరపేట్ పారిశ్రామికవాడలో ఒక యంత్రానికి ప్రోగ్రాము రాసే ప్రాజెక్టు మీకు దొరికిందనుకోండి. ఇద్దరు అక్కడ, ఇద్దరు యానాంలో ఉన్నారు. యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే. కాని వందల కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. ఫైళ్ళను మెయిల్లో పంపుకుంటూ పోతే ఒకరు దిద్దినది మరొకరు చెరిపేసే ప్రమాదం ఉంది.

ఈ చిక్కును తీర్చేదే వెర్షన్ కంట్రోల్. లినక్స్ అభివృద్ధి కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను రూపొందించారు. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో అది నమోదు చేస్తుంది. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ఇలాంటి సొంత సర్వరును నెలకొల్పుకుంది. మీరూ ఒక పాత కంప్యూటరుతో మొదలుపెట్టవచ్చు.

అయితే నలుగురికీ ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఏమవుతుంది? ఒకరు జట్టు వదిలి వెళితే దానిని మార్చి మిగిలిన అందరికీ మళ్ళీ చెప్పాలి. అది బయటికి పొక్కితే ఎవరి ద్వారా పొక్కిందో తెలియదు. అనుమానం మాత్రం నలుగురి మీదా ఉంటుంది.

దీనికి పరిష్కారం ఎస్‌ఎస్‌హెచ్ కీలు. 1995లో ఫిన్లాండుకు చెందిన తాతు యూలొనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించారు. ఇందులో ప్రతి వ్యక్తికీ ఒక జత కీలు ఉంటాయి. పబ్లిక్ కీ సర్వరుకు ఇస్తారు. ప్రైవేట్ కీ మీ కంప్యూటరు దాటదు. బ్యాంకులో మన నమూనా సంతకం ఉన్నట్లే సర్వరులో పబ్లిక్ కీ ఉంటుంది. ప్రవేశించే ప్రతిసారీ మీ కంప్యూటరు ప్రైవేట్ కీతో కొత్తగా డిజిటల్ సంతకం చేస్తుంది. సర్వరు దానిని సరిచూస్తుంది. ఒక్క తేడా గమనించండి: నమూనా సంతకాన్ని చూసి అనుకరించవచ్చు; పబ్లిక్ కీని చూసి ఈ సంతకం చేయడం సాధ్యం కాదు.

ఇక ఏర్పాటు క్రమం. లినక్స్ సర్వరులో గిట్, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ స్థాపించి, 'గిట్' పేరుతో ఒక ఖాతా తెరవండి. ఆ ఖాతాలో 'బేర్' భాండాగారాన్ని సృష్టించండి. అందులో పని చేసే ఫైళ్ళు ఉండవు, చరిత్ర మాత్రమే ఉంటుంది. ప్రతి విద్యార్థీ తన కంప్యూటరులోనే కీల జతను తయారుచేసుకొని, ప్రైవేట్ కీకి ఒక రహస్య వాక్యం పెట్టుకోవాలి. పబ్లిక్ కీలను సర్వరులోని అనుమతి ఫైలులో వరుసకు ఒకటిగా చేర్చండి. అందరూ ప్రవేశించగలిగాకే పాస్‌వర్డ్ ప్రవేశాన్ని ఆపివేయండి. తొందరపడితే మీరే బయట ఉండిపోతారు! చివరగా, ఆ ఖాతా గిట్ పనులకే పరిమితమయ్యేలా 'గిట్ షెల్' అమర్చండి.

ఇప్పుడు ఒకరు వెళ్ళిపోతే ఆ ఒక్క వరుస తీసివేస్తే చాలు. మిగిలిన ముగ్గురి పనీ ఆగదు.

ఒక హెచ్చరిక. గిట్ చరిత్రలో కనిపించే పేరు ఎవరికి వారు రాసుకున్నదే. ఏ కీతో లోపలికి వచ్చారన్నది మాత్రం సర్వరు చిట్టాలో ఉంటుంది.

పనిని పంచుకోండి, ప్రైవేట్ కీని మాత్రం ప్రాణస్నేహితుడికైనా ఇవ్వకండి. ఇవ్వవలసిన అవసరం లేకుండా చేయడమే ఈ పద్ధతి గొప్పతనం. రెండు కంప్యూటర్లతో ఈ క్రమాన్ని స్వయంగా చేసి చూడండి.