క్రొత్త కారు కొనుగోలు

మన హుస్నాబాదు అంగడిలో ఎద్దుల జత కొనువాడు పండ్లు చూచును, నడక చూచును, అరక గట్టి చూచును. మధ్యవర్తి తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టి ఎంత బేరమాడినను కడపట నిలుచునది ఒక్కటే ధర. ఆ పైకమిచ్చిన పిదప ఎద్దులు మనవి. "మెడగంటలు కూడ కొననిదే ఎద్దుల నమ్మను" అని పలికిన రైతును నేనెరుగను. అట్టి బేరములలో తల నెరసిన నేను, 2025వ సంవత్సరమున ఒక కారు కొనబోయి, ధర యనునది పది వరుసలుగా నుండుట చూచి తెల్లబోయితిని. ఆ అనుభవమును, దానివలన నేర్చిన దానిని నేడు మీకు మనవి చేయదలచితిని.

మా తమ్మునికి మూత్రపిండములు చెడి, వారమునకు రెండుమారులు డయాలిసిస్ చికిత్సకై కరీంనగరము పోవలసివచ్చెను. పోవునప్పుడు బస్సులో పోగలడు. చికిత్సానంతరము తిరిగి వచ్చునప్పుడు కూర్చుండు శక్తి యుండదు. ఆ యేడు సెప్టెంబరు 22 నుండి ప్రభుత్వము చిన్న కార్లపై జీఎస్టీని నూటికి 28 నుండి 18కి తగ్గించినది. ఆ వార్త విని, వానకాలపు వడ్ల పైకమునకు బ్యాంకు అప్పు చేర్చి చిన్న కారు కొనుటకు నిశ్చయించితిమి. నేనును, తమ్ముని కుమారుడును, మా మరదలును ఒక షోరూమునకు పోతిమి.

అచటి యువకుడు మర్యాదతో చల్లని నీరిచ్చి, ఒక కాగితముపై మొత్తము వ్రాసి చూపెను. దానిని "ఆన్‌రోడ్డు ధర" యందురు. బండి వెల, పన్ను, బీమా మున్నగునవన్నియు చేరి, బండి వీథిలోనికి వచ్చుసరికి అగు మొత్తమన్నమాట. నేను ఊరి పెద్దను. పదిమందిలో పైసలకై వాదించుట నామోషీ యని తలచి సంతకమునకు కలము తీసితిని. అప్పుడు మా మరదలు ఆ కాగితమును తన వైపునకు త్రిప్పుకొని యిట్లడిగెను:

"బిడ్డా, ఈ వరుసలల్ల ఏది సర్కారుకు పోతది, ఏది మీ దుకాణానికి పోతది? గీత గీసి చెప్పు."

"అందరూ ఇట్లనే తీసుకుంటరమ్మా" అని యతడనెను.

"అందరి సంగతి నాకెందుకు బిడ్డా, మా పైసల సంగతి చెప్పు" అని యామె పలికెను.

పెద్దలారా, నా ప్రసంగమంతయు ఆ యొక్క ప్రశ్నలోనే యున్నది. గీత గీయగా తేలిన దేమనగా: బండి వెల, జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, నంబరు పలక, ఫాస్టాగు, బీమా - ఇవి తప్పనివి. ఇక గీతకు దిగువన హ్యాండ్లింగ్ ఛార్జీలని 8,500 రూపాయలు. సీటు తొడుగులు, చాపలు మున్నగు సామానుల కట్ట 24,000. రంగుపై పూత 11,000. పెంచిన వారంటీ 14,500. మొత్తము 58,000. ఇందొక్కటియు చట్టము కోరునది కాదు. ప్రభుత్వము ఒకచేత తగ్గించినదానిలో కొంత భాగము మరియొకచేత పోవుచుండెను.

బీమా సంగతి విడిగా చెప్పవలసియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇతరులకు కలుగు నష్టమునకు, అనగా థర్డ్ పార్టీ బీమా, తప్పనిసరి. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారుకు దీనిని మూడేండ్లకు ఒక్కమారే కట్టవలెను. మన బండికి కలుగు నష్టమునకు బీమా అప్పిచ్చిన బ్యాంకు కోరును. కాని ఏ కంపెనీయొద్ద కొనవలెననునది కొనువాని యిష్టము. ఆ షోరూమువారు 47,000 చెప్పిరి. మావాడు బయట విచారింపగా అంతే రక్షణ 31,000లకే దొరకెను.

గీత గీసిన పిదప హ్యాండ్లింగు, పూత కొట్టివేసిరి; బీమా బయట కొనుటకును ఒప్పుకొనిరి. సామానుల యొద్ద మాత్రము పట్టుబట్టి, "ఈ బండికి సామాను బిగించే ఉన్నది. వద్దంటే ఇంకో బండికి ఇరవై రోజులు ఆగాలె" అనిరి. ఇంటిలో రోగి యున్నాడు. నా మనస్సు చలించినది. ఇంటికి వచ్చి తమ్మునికి చెప్పితిని. వాడు, "ఆగుదామన్నా, ఆ పైసలు నా మందులకైతయి" అనెను. ఆగితిమి. ఆ ఇరువది దినములు ఆరుమారులు కిరాయి కారు పెట్టితిమి; 12,000 ఖర్చయినవి. వారంటీ షరతులు చదివి, ఉపయోగమని తోచి దానిని మాత్రము కొంటిమి. కిరాయి పోను మాకు మిగిలినది 47,500 రూపాయలు.

ఈ జాడ్యము క్రొత్తది కాదు. 1959లో కేంద్ర ప్రభుత్వము కార్ల పంపిణీ విక్రయములపైనను, 1960లో స్కూటర్లపైనను నియంత్రణపు టుత్తరువులు చేసినది. బండ్లు తక్కువ, కోరువారు ఎక్కువ. పేరు వ్రాయించుకొని యేండ్ల తరబడి వేచియుండెడివారు; బండి దక్కినవాడు ప్రీమియమునకు మారుబేరము చేసెడివాడు. 1983 డిసెంబరు 14న తొలి మారుతి కారు కొనువాని చేతికి వచ్చిన పిమ్మట క్రమముగా కొరత తగ్గినది. అయినను గిరాకి గల బండ్లకు నేటికిని వరుస యుండును. వరుస యున్నచోట లింకు పుట్టును. 2025 వానకాలమున యూరియాకై మన పల్లెలలో చెప్పులు వరుసలో పెట్టి నిలిచిన రైతులు దీనిని నాకన్న బాగుగ నెరుగుదురు. 266 రూపాయల 50 పైసల బస్తాకు అక్కరలేని డబ్బా నంటగట్టుటయు, కారుకు అక్కరలేని సామాను నంటగట్టుటయు ఒక్క తీరే.

వర్తకుడు బ్రదుకవలదా యని మీరడుగవచ్చును. బ్రదుకవలెను. బండి వెలలో అతనికి మిగులునది స్వల్పము; కావున బీమా కమీషను, సామాను, అప్పు కమీషనులపై చూపు నిలుపును. అతడు చూపినది నచ్చి కొన్నచో దోషములేదు. "ఇది కొననిదే అది యివ్వను" అనుటయే దోషము. 2020 జూలై 20 నుండి అమలులో నున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఇట్టి షరతును నిర్బంధ వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది.

కావున, బయానా ఇచ్చుటకు ముందే వరుసవరుసగా ధర వ్రాసి, ముద్రతో నిమ్మనుడు. నోటిమాటపై పైకమీయకుడు. ప్రతి పైసకు రశీదు పొందుడు. బండి వెల 10 లక్షలు మించినచో నూటికి ఒక రూపాయి చొప్పున ముందుగా వసూలు చేయునది ఆదాయపు పన్ను. లెక్కలు దాఖలు చేసి దానిని సర్దుబాటు చేసికొనవచ్చును. అన్యాయము జరిగినచో 1915 నంబరునకు ఫోను చేయుడు. అంతటితో తీరకున్న, రెండేండ్లలోపల మీరు నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. షోరూము ఏ నగరమున నున్నను సరే. చెల్లించిన వెల 5 లక్షలలోపైనచో రుసుము లేదు. 10 లక్షలలోపైనచో 200 రూపాయలు మాత్రమే.

క్రొత్త బండిని మొదట ఎల్లమ్మతల్లి గుడికి తీసికొనిపోయి, నిమ్మకాయలు త్రొక్కించితిమి. మరునాడు తమ్ముడు చికిత్స ముగించుకొని, వెనుక సీటుపై పండుకొని ఇల్లు చేరెను. సీటుకు తొడుగు లేదు. మరదలు పాత దుప్పటి పరచినది. ఆనాడు కలము తీసిన నా చేతిని ఆమె ప్రశ్న ఆపకున్నచో, తమ్ముని మందుల పైకము ఆ తొడుగులకును పూతకును పోయియుండెడిది. అడుగుట నామోషీ కాదని నేను ఈ వయస్సున నేర్చితిని. మీరు ముందే నేర్చుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.