నీలగిరి: గింజ మొక్కయా, క్లోను మొక్కయా?



మన చిలమత్తూరుకు దక్షిణముననున్న నందికొండపై 1790 ప్రాంతమున, టిప్పు సుల్తాను కాలములో, ఆస్ట్రేలియా నీలగిరి చెట్లు నాటబడినవి. వాని సంతతియే ‘మైసూరు గం’ అను పేర ఊరూర వ్యాపించినది. కోస్తావారు నీలగిరినే జామాయిలు అందురు.

ఈ చెట్టు పూతకు పరాయి చెట్ల పుప్పొడి కూడ సోకును. అందుచే ఒకే చెట్టు గింజలైనను మొక్కలు ఒక్కతీరున రావు. ఒకటి నిలువుగ పెరిగిన, వేరొకటి వంకరపోవును. సంకరజాతి గింజ నాటినచో తల్లి గుణము నిలువదు. అందుకే మేలైన చెట్టును నరికి, మోడు చిగుళ్లకు వేరు పట్టించి క్లోను మొక్కలు చేయుదురు. భద్రాచలము కాగితపు మిల్లువారు 1989లో ఈ పని ఆరంభించిరి.

క్లోను మొక్కలన్నియు తల్లివలెనే పెరుగును. తెగులు సోకినను అన్నింటికి ఒక్కతీరుగనే సోకును. కావున రెండు మూడు క్లోనులను వేరువేరు పట్టెలుగ నాటుడు. ఆకు ఈనెలపై, కాడలపై బుడిపెలున్న నారు కొనవలదు.

ఏ రకమైనను నీరు మిక్కిలిగ పీల్చును. భూగర్భజలము తరుగుచున్నదనియే కర్ణాటక ప్రభుత్వము 2017లో కొత్తగా నీలగిరి నాటుటను నిషేధించినది. బావి, బోరు, చెరువుల చెంత నాటవలదు. రాగి, వేరుశనగ పండు చేను దీనికి అప్పగింపవలదు. నరికినను మోడు మరల చిగుర్చును. దానిని పెకలించు ఖర్చును ముందే లెక్క వేసికొనుడు.