వార్ధక్యభృతి: ఉమ్మడి పాతరయా, ఒంటి మూటయా?



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట వృద్ధులను గూర్చి మాటాడుట మా పాలబడినది. భోజనవేళ సమీపించినదని యెఱుగుదుము. అయినను రేపు సభ యెదుటకు రానున్న తీర్మానమొకటి మమ్ము ఊరకుండనీయకున్నది. సభ్యులెల్లరును నెలనెల కొంత సొమ్ము చెల్లింపవలెననియు, దానిని ఒక ప్రైవేటు సంస్థ నడుపు పథకమున ఎవరి ఖాతాలో వారిదిగా నుంచవలెననియు, ముసలితనమున ఎవరి మూట వారు తీసికొనవలెననియు దాని సారము. ఉద్దేశము మంచిదే. మార్గము మాత్రము మాకు నచ్చలేదు.

మనది కఱవుసీమ. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కఱవు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను పాడుపెట్టినది. తిండికే లేనివాడు బట్ట కొనడు గనుక కఱవు వచ్చినప్పుడెల్ల సేద్యగానితో పాటు మగ్గమును నమ్మిన మనవారికిని కూడు పోయెడిది. అట్టి సీమలో మన పెద్దలు జొన్నలు పాతర వేసెడివారు. ఒక్క యింటి పాతర ఎంత? ఒకయేడు గడచునప్పటికే అడుగంటును. పదియిండ్లవారు కలిసి వేసిన పాతరలోని జొన్నలు ఎవరికి గడ్డుకాలము వచ్చిన వారికి పనికివచ్చును.

ముసలితనమునకును ఇదియే లెక్క. ఒక వీధిలో పదిమంది నేతగాండ్రు కలరనుకొందము. అందొకడు 62వ యేట పోవును, ఒకడు 90 ఏండ్లు బ్రదుకును. ఎవడెంత కాలముండునో ముందుగా ఎవనికిని తెలియదు. ఎవరి మూట వారిదే యైనచో ప్రతివాడును 90 ఏండ్ల బ్రదుకునకు సరిపడ కూడబెట్టవలెను. నేతకూలిపై అది కలలోని మాట. పదుగురును కలిసినచో సగటు ఆయుర్దాయమునకు కూడబెట్టిన చాలును. బీమా యనగా నింతియే. జర్మనీదేశమున 1889లో కార్మికుడు, యజమాని, ప్రభుత్వము మువ్వురును సొమ్ము వేయునట్లు వార్ధక్య బీమాచట్టము చేసినది ఈ లెక్కను బట్టియే.

మన యిండ్లలోనే యీ రెండు పద్ధతులకును సాక్షులున్నారు. మా యింట పెద్దవాడు 2004 సెప్టెంబరు 1వ తేదీకి ముందు ఉపాధ్యాయుడైనాడు, చిన్నవాడు తరువాత. పెద్దవానికి తుదిజీతములో సగము పింఛను, దానిపై కఱవుభత్యము, వాని తదనంతరము భార్యకు కుటుంబపింఛను. చిన్నవాని జీతమునుండి నూటికి 10 వంతున కోసి, ప్రభుత్వము తన వంతు కలిపి, నిధినిర్వాహకుల చేత మార్కెట్టులో పెట్టించుచున్నది. ఉద్యోగవిరమణనాడు కూడిన సొమ్ములో నూటికి 40 వంతులకు తగ్గకుండ యాన్యుటీ కొనవలెను. అది ఎంత పలుకునో ఆనాటి బజారు చెప్పవలెను. సాధారణముగ నది ధరలతో పాటు పెరుగునది కాదు. ఒకే బడి, ఒకే నల్లబల్ల, ఒకే సుద్దముక్క. ముసలితనములు మాత్రము రెండు!

ఇట్టి పద్ధతికి చిలీదేశము పేరుపడినది. అచ్చట 1981లో ఎవరి ఖాతా వారిదిగా చేసి ప్రైవేటు సంస్థల కప్పగించిరి. సైన్యమును మాత్రము పాత పద్ధతిలోనే యుంచుకొనిరి. చాలినంత కూడబెట్టలేని పేదల కొఱకు 2008లో ప్రభుత్వమే మరల పూనుకొనవలసి వచ్చెను. మన దేశమునను 2004 నాటి మార్పునుండి సైన్యమును మినహాయించిరి. మంచి పథకమే యైనచో తుపాకి పట్టిన వానికేల వలదనిరో మాకు బోధపడలేదు. తుదకు 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూలవేతనములో సగమునకు హామీనిచ్చు చట్టమును ఆమోదించెను. 2025 ఏప్రిల్ 1 నుండి కేంద్రప్రభుత్వమును 25 ఏండ్లు కొలువు చేసినవారికి సగము జీతపు హామీతో వేఱొక పథకము నడుపుచున్నది. బజారొక్కటే చాలదని ప్రభుత్వములే యొప్పుకొన్నట్లు గదా!

ఖజానా మోయలేదను వాదమును మేము త్రోసిపుచ్చము. ఉపాధ్యాయుని పింఛనును నేతగాని పింఛనును ఒకే ఖజానానుండి రావలెను. అయితే ఆ భారమును మోయలేక ప్రభుత్వము దించుకొన్నచో, ఒంటరి ముసలివాడు దానినెట్లు మోయునో యెవరును చెప్పరైరి.

ఇక మగ్గముపైనున్న వారి మాట. గుంటమగ్గమున కూర్చుండి కూర్చుండి 50 ఏండ్లకే మోకాళ్లు బిగియును, పోగు కంటికానదు. ఇది యెఱిగియే మన రాష్ట్రమున నేతగానికి 50 ఏండ్లకే పింఛను నిర్ణయించిరి. 2024 జులైనుండి నెలకు 4,000 రూపాయలు. ఒకటవ తేదీన అది ఇంటికి వచ్చుచున్నప్పుడు కోడలి యెదుట చేయి చాపని ముసలివారి ముఖములను మేము యెమ్మిగనూరునను జమ్మలమడుగునను చూచియున్నాము. లోపము లేకపోలేదు. 2014లో 200 రూపాయలనుండి వెయ్యికి, 2019లో రెండువేలకు, 2024లో నాలుగువేలకు పెరిగినది. మూడును ఎన్నికల యేండ్లేయని గమనింపుడు! ఇచ్చువారి దయపై పెరుగునది హక్కనిపించుకొనదు.

అటల్ పింఛను పథకము కలదందురా? అది ప్రభుత్వహామీ గలదే. 18 ఏండ్లవాడు నెలకు 210 రూపాయలు కట్టినచో 60వ యేటనుండి 5,000 వచ్చును. 40 దాటినవానికి ప్రవేశమే లేదు. ఈ సభలో సగముమందికది మూసిన తలుపు. నలువది రెండేండ్లకు పిదప ఆ 5,000లకు బియ్యమెన్ని వచ్చునో పడుచువారు లెక్కవేసికొందురుగాక.

ప్రైవేటు మూటను గూర్చి మా యనుభవమొకటి చెప్పెదము. మా మేనమామగారు ఇరువదియేండ్లు నేసిన కూలిలో మిగిల్చినది ఒక చీటీల కంపెనీలో వేసిరి. ఒక ఉదయమున తలుపునకు తాళము. ఆయన మరల మగ్గమెక్కినది 66వ యేట. రాష్ట్రములో అగ్రిగోల్డు చందాదారులు లక్షలమంది యెట్లు పడిగాపులు పడిరో మీరెఱుగుదురు. చిన్న మొత్తములవారికి 2019లోను 2021లోను తిరిగి చెల్లించినది కంపెనీ కాదు, ప్రభుత్వ ఖజానా.

కావున తీర్మానమునకు మేమొక సవరణ తెచ్చుచున్నాము. నెలచందాను ప్రైవేటు పథకమున పెట్టుట మానవలెను. ఆ వ్యయముతో సంఘమొక గుమాస్తాను నియమించి, 50 నిండియు పింఛను రాని నేతగాండ్ర, వితంతువుల దరఖాస్తులను ఊరూర వ్రాయింపవలెను. నేతగాని పింఛను ధరలతో పాటు పెరుగునట్లు చట్టముచేయుడని ప్రభుత్వమును కోరవలెను. ఉపాధ్యాయసోదరుల కోరికను ఆ మహజరులోనే చేర్చవలెను. మొదటి సంతకము చేయుటకు మా మేనమామగారు ప్రొద్దుటూరునుండి వచ్చి వెనుకవరుసలో కూర్చుండియున్నారు.