మంచుకొండలలో దారి చూపినవాడు

బడిపంతులుగా నున్న యేండ్లలో నేను హిమాలయములను గోడపటమున బెత్తపుమొనతో చూపితినే కాని, ఆ కొండలలో దారి చూపు మనుష్యుని గూర్చి పిల్లల కొక్కమాటయు చెప్పనైతిని. ఆ ఋణము నేడు తీర్చుకొందును.

ఆంగ్ థార్కే నేపాళదేశమున షెర్పాజాతివాడు. 1934లో షిప్టన్, టిల్మన్ అను ఆంగ్లేయు లిరువురు గఢ్వాలులోని నందాదేవి చెంతకు బయలుదేరగా, ఈతడును మఱి యిద్దఱు షెర్పాలును తోడు నడచిరి. ఆ శిఖరము చుట్టును కోటగోడవలె కొండలు. ఋషిగంగ చీల్చుకొని వెలువడు ఇఱుకు లోయయే త్రోవ. క్రింద ఏఱు ఘోషించుచుండ, నిలువు బండల నంటి పాకుచు, మూటలను త్రాళ్లతో దింపుచు, లాగుచు వారు లోపల ప్రవేశించిరి. అంతకుముందు మానవుడు త్రొక్కినట్లు తెలియని యాచోట పచ్చికబయళ్లు, వానిపై భరల్ మందలు! భరల్ అనగా నీలిగొఱ్ఱె. పేరునకు గొఱ్ఱెయే కాని మేకకే దగ్గఱి చుట్టము. మంచుచిఱుతకు ముఖ్యాహారము. మనము నిలువ వెఱచు బండయంచున నది నిశ్చింతగా మేయును.

1950లో ఫ్రెంచివారి అన్నపూర్ణ యాత్రకు థార్కేయే షెర్పాల పెద్ద. శిఖరమునకు రమ్మని నాయకుడగు హెర్జోగ్ పిలిచినను, కాళ్లు గడ్డకట్టుచున్నవని ఈతడు వినయముగా మరలెను. ఎక్కిన యిరువురును కాలివేళ్లు కోల్పోయిరి. హెర్జోగునకు చేతివేళ్లును పోయెను. థార్కే పిఱికివాడని నేననను.

నందాదేవి లోయకు పిమ్మట పెక్కండ్రు పోయిరి. చెత్త పెరిగెను, వంటచెఱకునకు చెట్లు కూలెను. థార్కే 1981లో గతించెను. మఱుసటి యేడు ఆ ప్రదేశము జాతీయోద్యానమాయెను. 1983లో కొండ నెక్కువారికి దానిని మూసిరి. భరల్ మందలు మాత్రము అచ్చటనే మేయుచున్నవి.