సిగ్నల్ లేకపోతే హాజరు లేనట్టేనా?

(శృంగవరపుకోటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోన్ యాప్ గురించి మాట్లాడమన్నప్పుడు, అది ఇంజినీర్ల విషయం కదా అని మొదట నేనూ వెనకాడాను. కానీ ఉపాధి పనిలో మన కూలి ఆ యాప్ దయ మీద ఆధారపడింది. ఎన్.ఎం.ఎం.ఎస్. అనే హాజరు యాప్‌ను కేంద్ర ప్రభుత్వం 2021 మేలో తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిస్థలాల్లోనూ తప్పనిసరి చేసింది. ఉదయం హాజరుతో పాటు ఒక ఫోటో, నాలుగు గంటల తర్వాత మరో ఫోటో పంపాలన్నారు. ఫోటో వెళ్ళకపోతే? తట్టలు మోసిన నొప్పులు ఒంట్లో ఉంటాయి, మస్టరులో మాత్రం మనం ఉండం. "టవర్ లేదమ్మా, నేనేం చెయ్యను" అంటుంది మేటు. ఆమె కూడా మన పిల్లే, ఆమెను తిట్టి లాభం లేదు. ఆ "టవర్ లేదు" అనే మాట వెనక ఏముందో చూద్దాం.

యాప్ నేరుగా టవర్‌తో మాట్లాడదు. అది ఉత్తరం రాసే మనిషి లాంటిది. రాసి, ఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ చేతిలో పెడుతుంది. సిమ్ కార్డును బట్టి ఈ ఫోన్ తన ఖాతాదారుదేనని కంపెనీ తేల్చుకున్నాకే దారి తెరుస్తుంది. రీచార్జి అయిపోతే ఆ దారి మూసేస్తుంది (ఆ రీచార్జి డబ్బులు ఎవరివో మేటునడగండి). ఫోటో చిన్న చిన్న ముక్కలై, రేడియో తరంగాల మీద టవర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి కేబుల్ మీదో, మరో టవర్ మీదుగానో కంపెనీ కేంద్రానికి, అక్కడి నుంచి ఇంటర్నెట్ ద్వారా ప్రభుత్వ సర్వర్‌కు వెళ్తుంది. "అందింది" అని సర్వర్ తిరుగు జవాబిస్తేనే పని అయినట్టు. ఈ గొలుసు ఎక్కడ తెగినా మనకు కనిపించేది ఒకటే: తెర మీద తిరుగుతూ ఉండే చక్రం.

"గీతలు నిండుగా ఉన్నాయి, అయినా వెళ్ళటం లేదు" అంటారు. ఆ గీతలు టవర్ గొంతు ఫోన్‌కు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి, అంతే. ఆ టవర్ మీద ఎంతమంది భారం ఉందో, వెనక కేబుల్ తెగిందో, సర్వర్ మొరాయించిందో చెప్పవు. పైగా టవర్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. అందుకే సినిమా పాట దిగే చోట కూడా ఫోటో ఎక్కకపోవచ్చు. కోట సెంటర్లో ఈ బాధ పెద్దగా తెలియదు. దారపర్తి వైపు కొండ గూడేల్లో, మధ్యలో కొండ అడ్డొస్తే తరంగం అక్కడే ఆగిపోతుంది.

ఇది ప్రభుత్వానికి తెలియదా? 2021 నవంబరులో ఐదు రాష్ట్రాల్లోని 'ఆకాంక్షిత జిల్లాల్లో' సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గమే నిర్ణయించింది. మన విజయనగరం ఆ జిల్లాల్లో ఒకటి. ఆ తర్వాత పద్నాలుగు నెలలకే యాప్ తప్పనిసరి!

ఇక అసలు సంగతి. ఫోటో ఎక్కడ తీశామో ఫోన్‌కు తెలిసేది జి.పి.ఎస్. వల్ల. అది ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం, దానికి టవర్ అక్కర్లేదు. అంటే సిగ్నల్ లేకపోయినా చోటు, సమయంతో సహా ఫోటోను ఫోన్‌లో దాచి, సాయంత్రం కిందికి దిగాక పంపవచ్చు. నిబంధనలూ అదే చెప్పాయి. హాజరునూ మొదటి ఫోటోనూ నెట్‌వర్క్ లేకుండానే తీసి తర్వాత ఎక్కించవచ్చు. అసాధారణ పరిస్థితుల్లో, అదీ కుదరనప్పుడు, జిల్లా అధికారి అనుమతితో చేతిరాత హాజరును నమోదు చేయవచ్చు. ఈ ముక్క ఎంతమంది మేట్లకు చెప్పారు? యంత్రానికి చేతనైన పనిని మనుషులు చేయించలేదు. కాబట్టి పోయిన రోజు కూలిని సిగ్నల్ ఖాతాలో రాయటానికి నేను ఒప్పుకోను.

దొంగ హాజరు ఆపటానికే యాప్ అన్నారు. ఫోటోకు ఫోటో తీసి, పనితో సంబంధం లేని ఫోటోలు పెట్టి మోసం జరుగుతోందని 2025 జూలైలో కేంద్రమే లేఖ రాసింది. దొంగ దాటిపోయాడు, పని చేసిన ఆడమనిషి చిక్కుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం చేసింది. అందులోనూ డిజిటల్ హాజరు ఉంది.

కాగితం మస్టరులో మన పేరు పక్కన మన వేలిముద్ర మనకు కనిపించేది. అందుకే ప్రతి పనిస్థలంలో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, వేళ, పేర్లు, వేలిముద్రలు ఉండాలి. ఫోటో ఎక్కకపోతే ఆ తెరను టైముతో సహా ఫోటో తీయించండి. ఆ రోజే ఎం.పి.డి.ఓ. ఆఫీసులో అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.