సిరిమాను వెళ్లాక రండి



నేను ఎముకల వైద్యుణ్ణి. పాదాల గురించే మాట్లాడతాను.

చదును పాదాలున్న పిల్లల్లో చాలామందికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు. నొప్పి లేకపోతే తల్లికి ధైర్యం చెప్పి పంపడమే వైద్యం. జోడులో మెత్తలు పెట్టినా నొప్పి తగ్గనివాళ్లు కొందరుంటారు. వాళ్లకు మడమ ఎముకకూ దాని పై ఎముకకూ మధ్య సందులో చిన్న మరలాంటిది అమర్చి, పాదం లోపలికి ఒరిగిపోకుండా ఆపుతాం. లోహానిదైతే తీయడానికి మళ్లీ కోత తప్పకపోవచ్చు. పాలీలాక్టిక్ ఆమ్లంతో చేసినదైతే ఒంట్లోనే మెల్లగా కరిగిపోతుంది. ఇటలీలో, బొలోన్యాలోని రిజ్జోలీ సంస్థ వైద్యులు 21 మంది పిల్లల ఫలితాలను 2001లో ప్రకటించారు. నాలుగేళ్లకు ఎమ్మారై తీస్తే ఆ మర దాదాపు కరిగిపోయింది.

రెండో కోత లేదు, రెండోసారి కూలి పోదు. గుమ్మలక్ష్మీపురం నుంచి బస్సులు మారి వచ్చే తల్లికి అది చిన్న మేలు కాదు. కానీ నాకొక దిగులుంది. తీయాల్సింది ఉంటే బిడ్డ తిరిగొస్తుంది, పాదం చూస్తాం. కరిగిపోయేది పెట్టాక ఎందుకొస్తుంది? ఇరవై ఏళ్లకు ఆ పాదం ఎలా ఉందో మనకెవరు చెబుతారు?

వంకర పాదాల విషయంలో అది చెప్పినవాళ్లున్నారు. వాటికి కత్తి పెద్దగా వాడకుండా, వారం వారం పిండికట్లతో సరిచేసే పద్ధతిని అమెరికాలో, అయోవాలో పోన్సెటి నేర్పాడు. చిన్నప్పుడు అక్కడ వైద్యం పొందిన 45 మందిని, ముప్పై ఏళ్లు గడిచాక పిలిచి చూశారు. నూటికి 78 మందికి ఫలితం బాగుందని 1995లో రాశారు. ఆ పద్ధతిని నేను నమ్మింది, వాళ్లను వెతికి పిలిచారు గనకే.

నేను అలా పిలవలేదు. కొత్తలో వంకర పాదంతో పుట్టిన ఒక పసిదానికి కట్లు కట్టాను. "గ్రహణం రోజు కత్తిపీట ముట్టీసేను బాబూ, అందుకే" అని తల్లి ఏడ్చింది. కాదమ్మా అన్నాను. పాదం చక్కబడింది. రాత్రిపూట తొడగాల్సిన బద్దతో కలిపిన బూట్లిచ్చి, ఆరు నెలలకు రమ్మని చీటీ రాశాను. వాళ్లు భవనాల పనికి చెన్నై వెళ్లిపోయారు. బూట్లు ఇరుకయ్యాయి. మార్చేవాళ్లు లేరు. మూడేళ్లకు చూస్తే పాదం మళ్లీ తిరిగిపోయింది. ఆ తల్లి తప్పేమీ లేదు. ఊరికి ఎప్పుడొస్తారని నేను అడగలేదు.

అప్పటినుంచి చీటీ మీద తారీకు ఒక్కటే రాయను. విజయనగరం వాళ్లకు "పైడితల్లమ్మ జాతరలో సిరిమాను వెళ్లాక, మర్నాడు రండి" అంటాను. శ్రీకాకుళం వాళ్లకు సంక్రాంతి ముక్కనుమ వెళ్లాక. వలసపోయిన ఊరు తిరిగి ఊరయ్యేది అప్పుడే. అమ్మమ్మ ఫోను, పక్కింటివాళ్ల ఫోను, ఆశా కార్యకర్త ఫోను, అన్నీ రాసుకుంటాను. కొత్తగా డాక్టర్లైన మీరూ ఈ వారమే ఒక పుస్తకం కొనుక్కోండి. మరలు అమర్చినా, కట్లు కట్టినా, ఆ బిడ్డకో పేజీ ఇవ్వండి.

ఆ పసిదానికి మళ్లీ కట్లు కట్టాను. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మొన్న పండక్కి వచ్చింది. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు చెప్పులు లేకుండా నడిపించి చూశాను. పుస్తకంలో రాసుకుని, వచ్చే సంక్రాంతికీ రమ్మన్నాను.