జావాకు మరో రెండు చక్రాలు
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పది నిమిషాలు ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. డీఏ బకాయిల గురించి మాట్లాడేందుకు నాకంటే సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మా ఇంటి వసారాలో తయారైన ఒక మోటారు సైకిలు సంగతి చెబుతాను.

మాది కొల్లూరు. వజ్రాల గనుల కొల్లూరు కాదండి, అది పల్నాడు వైపు. మాది అరటి, పసుపు పండే కొల్లూరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా పెద్దవాడికి రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. 1992లో తెనాలిలో డిగ్రీలో చేర్చాను. నెల తిరక్కుండానే బస్సు మెట్టు మీద చంకకర్ర జారి పడ్డాడు. ఆ రాత్రి అన్నం దగ్గర, "చదువు మానేస్తాను నాన్నా" అన్నాడు. వాళ్లమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాది గుమాస్తా ఉద్యోగం. కొత్త బండి కొనే స్తోమత లేదు. జీపీఎఫ్‌లో అప్పు తీసి, పక్క ఊళ్లో గడ్డివాము చాటున పడివున్న జావా ఒకటి 2,400 రూపాయలకు కొన్నాను. జావాయే ఎందుకంటే, దానికి కిక్ కొట్టే రాడ్డే గేరు రాడ్డు. వెనక్కి తిప్పితే కిక్, ముందుకు వాలిస్తే గేరు. రెండూ ఎడమ పక్కనే. గేరు తొక్కగానే క్లచ్చి దానంతటదే విడుతుంది. కుడికాలికి మిగిలిన పని వెనక బ్రేకు ఒక్కటే. ఆ పెడలుకు మూరెడు పైపు నిలువుగా వెల్డింగు చేయించి, చేత్తో ముందుకు నెడితే బ్రేకు పడేలా చేశాం. మైసూరులో 1961 నుంచి ఈ బళ్లు తయారయ్యేవి, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చాయి. ఫ్యాక్టరీ మూతపడింది 1996లో. కనుక మాకు పిస్టనూ రింగులూ విజయవాడ ఆటోనగర్‌లో సులువుగానే దొరికాయి.

చిక్కంతా పక్క చక్రాల దగ్గర వచ్చింది. పాత స్కూటరు చక్రాలు రెండు తెచ్చి, ఇనప కమ్మీతో చాసిస్‌కు కదలకుండా బిగించాం. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకున్నాను. కాలవగట్టు మీద గుంట రాగానే పక్క చక్రాలు రెండూ గట్ల మీద నిలిచాయి, మధ్య చక్రం గాలిలో తేలింది. ఇంజను మోగుతోందే గాని బండి కదల్లేదు. వాడు రేజు పెంచాడు. చక్రం నేలకు తగలగానే ఒక్క దూకున అరటితోటలో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. మా ఆవిడ నాతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తప్పు నాదే గనుక నేనూ మాట్లాడలేదు.

చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని వాడే అన్నాడు, "చక్రాల్ని బిగించెయ్యకు నాన్నా, ఊగనియ్యి" అని. కీలు పెట్టి, దేనికదే పైకీ కిందికీ ఆడేలా, పాత స్కూటరు షాకబ్జార్బర్లు గట్టివి చూసి వేశాం. మధ్య చక్రం మళ్లీ నేల వదల్లేదు. మలుపుల్లో మాత్రం జాగ్రత్త కావాలి. మామూలు బండిలా ఒరగదు కదా, వేగంగా తిప్పితే బయటి పక్కకు బోల్తా కొడుతుంది.

మొత్తం ఖర్చు 4,150. కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది ఏడు నెలలు. 1988 చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. వికలాంగుల కోసం మార్చిన బండికి 2019 సవరణలో ప్రత్యేక నిర్వచనం ఇచ్చారు. మీ మనవళ్లు సైలెన్సర్లు మారుస్తామంటే ముందు ఆ సెక్షన్ చదివించండి.

లీటరు పెట్రోలుకు నలభై మిల్లీలీటర్ల ఆయిలు కలిపి, పొగ కక్కుకుంటూ, మావాడు మూడేళ్లూ దాని మీదే తెనాలి వెళ్లొచ్చాడు. ఉద్యోగం వచ్చాక స్కూటరు కొనుక్కున్నాడు. జావా పశువుల కొట్టంలోకి చేరింది.

2018లో జావా పేరుతో కొత్త బళ్లు మళ్లీ వచ్చాయి. అవి చూసినప్పట్నుంచి మనవడికి ఆ పాతదాని మీద మోజు పట్టింది. పక్క చక్రాలు పీకేసి, రంగు వేసి నడుపుతానంటాడు. వాళ్ల నాన్ననడిగితే, "తాతయ్యనడుగు" అన్నాడట. రెండు నెలలైంది, నేనింకా ఏ సంగతీ చెప్పలేదు. స్పానర్ల పెట్టె మాత్రం దించి తుడిచాను.